పేరుకు పది, ఆనవాళ్లకు ఒకటి

నేను ఒక చిన్న లెక్కను. కంప్యూటర్లో వెతికితే దొరికినవాళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చే ఎనిమిది పంక్తుల కోడ్‌ని. విశాఖలో దిక్కులేనివాళ్ల ఆశ్రమం ఒకటుంది. దాని పాత ల్యాప్‌టాప్‌లో, ఒకే ఫైల్లో ఇమిడిపోయిన డేటాబేసు పక్కన నా కాపురం.

నన్ను రాసిన ఫణికుమార్ ఆదివారాలు వచ్చి ఉచితంగా పనిచేసిపెట్టిన మంచివాడు. "మనిషిని వెతికేవాళ్లు పేరుతోనే కదా వెతుకుతారు" అని, పేరు గడిలో మాట కలిస్తే పది మార్కులు, ఆనవాళ్ల గడిలో కలిస్తే ఒకటి వెయ్యమన్నాడు. పేరు లేని మనిషెక్కడుంటాడని నేనూ గర్వపడ్డాను.

ఆశ్రమంలో ఒక అలవాటుందని అతనికెవరూ చెప్పలేదు. పేరు చెప్పలేని స్థితిలో వచ్చినవాళ్లకు వార్డెను మేరీరత్నం వాళ్లు వచ్చిన వారాన్ని బట్టి పేరు పెట్టేది. సోమవారమైతే సోమయ్య, బుధవారమైతే బుధయ్య. పాపం, ప్రేమతోనే పెట్టేది. తలకు దెబ్బతగిలి, మాట పడిపోయి గురువారం నాడు వచ్చిన తాపీమేస్త్రి అలా గురవయ్య అయ్యాడు.

అతని భార్య నూకరత్నం వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చెప్పినట్టే మేరీరత్నం "సత్తిబాబు తేలు పచ్చబొట్టు" అని కొట్టింది. ఇరవై ఏళ్ల రిజిస్టరులో సత్తిబాబులు పదకొండు మంది. అందరికీ పదేసి మార్కులేసి ముందు నిలబెట్టాను. తెర మీద పట్టేది పది మందే. నూకరత్నం పది ఫోటోలూ చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. చేతి మీద తేలున్న గురవయ్య రెండు మార్కులతో పన్నెండోవాడు. అప్పుడతను వెనక వార్డులోనే ఉన్నాడు.

ఎనిమిది నెలలకు ఆమె మళ్లీ వచ్చింది.

"పేరొద్దమ్మా, ఆ పేరున్నోళ్లని సూసీసినాను. తేలొక్కటే కొట్టమ్మా."

ఒక్కడే వచ్చాడు. ఫోటో చూడగానే "మావా!" అని తెరను తడిమింది. పక్క గడిలో అతను చనిపోయిన తేదీ ఉంది. అప్పటికి అయిదు వారాలు.

తరవాత ఫణికుమార్ నా అంకెలు తారుమారు చేశాడు. ఇప్పుడు ఆనవాళ్లకు పది, పేరుకు ఒకటి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నాకు మార్కులు వెయ్యడమే తప్ప ఏడవడం రాదు. వస్తే బాగుండేది.

ఆ రోజు వెళ్లే ముందు నూకరత్నం అడిగింది.

"ఇక్కడ ఏటని పిలిసీవోరమ్మా?"

"గురవయ్యా అని."

"పిలిస్తే తిరిగి సూసీవోడా?"

మేరీరత్నం తల దించుకుంది.

"ఒక్కసారీ చూడలేదమ్మా. చెవుడనుకున్నాం."

ఆనవాళ్ల గడిలో "చెవుడు" అనే రాసుంది. ఇప్పటికీ ఎవరూ కొట్టెయ్యలేదు.