అద్దమ్మ తోమిన పన్ను

ఆస్పత్రిలో అందరూ ఆమెను అద్దమ్మ అంటారు. ఆపరేషను కత్తెరలు తోమే గదిలో పదిహేడేళ్ల చాకిరీ ఆమెది. ఆమె చేయి పడిన కత్తెరలో మొహం చూసుకోవచ్చు. ఇనుము మీద పిసరంత మాంసం మిగిలినా ఆమెకు ముద్ద దిగదు.

ఆ ఉదయం బస్సు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ముందు సీటు కడ్డీ ఆమె భర్త మూతికి తగిలింది. పై వరస ముందు పన్ను వేరుతో సహా ఊడి ఒళ్లో పడింది. ఆయన బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. పై పళ్లు ఆనిస్తేనే అది ఆయనకు పలుకుతుంది. బస్సు దిగి తిన్నగా భార్య పనిచేసే గదికే వచ్చాడు.

"ఊడిన పన్ను మళ్లీ పెడతారటగా?" అన్నాడు రుమాలు అడ్డం పెట్టుకుని.

"పెడతారు. ఈ మురికితో పట్టుకెళ్తే నా పరువేం కావాలి?"

సబ్బు, బ్రష్, ఆపైన స్పిరిట్. వేరుకు అంటుకున్న ఎర్రటి పొరను గోటితో గీకి, ముత్యంలా చేసి, పొడి గుడ్డలో చుట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని పై అంతస్తుకు వెళ్లింది.

పళ్ల డాక్టరు దాన్ని దీపం కింద తిప్పి చూసింది. ఆవిడ మొహం వాడిపోయింది.

"పన్ను ఎముకలో మేకులా దిగబడి ఉండదండీ. సన్నటి నారపోగులు రెండింటినీ పట్టి ఉంచుతాయి. వేరు మీది పొర అదే. అలాగే తెచ్చి ఉంటే అతుక్కునేదేమో. ఎవరు గీకారిది?"

అద్దమ్మ నోరు తెరిచేలోగా, "నేనేనండీ," అన్నాడాయన. "మా ఆవిడ దగ్గర నేర్చిన పాడు విద్య."

డాక్టరు నవ్వలేదు. పన్నును గుంటలో పెట్టి తీగతో కట్టింది. "ఆశ పెట్టుకోకండి. ఎముక దీని వేరును మెల్లగా తినేస్తుంది. పక్క పళ్లు కట్టుడు పన్నును మోసే స్థితిలో లేవు. ఊదడం మానేయాలి."

మెట్ల మీద ఆమె ఆయన చెయ్యి పట్టి ఆపింది. "నా తప్పు మీ నెత్తినేసుకున్నారేం?"

"నా పని ఎలాగూ పోయింది. నీ పేరన్నా మిగలనీ."

ఇంటికొచ్చాక క్లారినెట్ పెట్టె ఆమె ముందు పెట్టాడు. "నా చోటికి వచ్చేవాడికి ఇచ్చేద్దాం. నీ చేత్తో కాస్త మెరిపించు."

ఆమె బ్రష్ తీసింది. ఊదే మొన మీద రెండు చిన్న పల్లాలు. ముందు పళ్లు రెండూ ఏళ్ల తరబడి ఆని పడినవి. వాటిలో గోధుమరంగు మడ్డి.

"ఏమే, అయిందా?" అవతలి గదిలోంచి అడిగాడు.

"అయిందండీ," అంది. తోమకుండానే పెట్టె మూసింది.