మిరపచేనుకు శ్రద్ధాంజలి

ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఒకే ప్రశ్న ఇచ్చాను: ‘పత్రికలు, రేడియో ప్రైవేటు చేతుల్లో ఉండాలా, ప్రభుత్వం చేతుల్లో ఉండాలా? చర్చించండి.’ పది మార్కులు. ఎటు వాదించినా ఆరుకు తగ్గకుండా వేశాను. ఆ పాపం చివరికి ఖాదర్ వలి రూపంలో మా గుమ్మం ఎక్కింది.

చిలకలూరిపేట దగ్గర మా చేను పక్కనే అతనికి మూడెకరాల మిరప. బోరు ఉంది కాబట్టి అందరికంటే ముందే నాటాడు. మొక్క ఏపుగా పెరిగింది. సెప్టెంబరు వచ్చినా ఒక్క పువ్వు లేదు. అదే లాటు విత్తనం వేసిన మరో ఇరవై మంది చేలూ అంతే.

“మాది ఎట్టాగూ పోయింది సార్. పొదిలి వైపు వానలు లేక ఇంకా నారు పోయలేదు. ఇదే లాటు అక్కడ అమ్ముతున్నారు. మా చెల్లెలు రహమతున్నీసాకి ఫోన్ చేసి చెప్పా. మిగతా ఊళ్ళకి ఎవరు చెప్తారు? వారంలో వాన పడిందా, అందరూ పోసేస్తారు.”

అప్పటికే వాట్సాప్‌లో వీడియో పెట్టాడు. మర్నాడు పేపర్ మొదటి పేజీ నిండా కంపెనీ ప్రకటన: ‘వదంతులు నమ్మకండి.’ అచ్చులో పడ్డదాన్ని కాదని ఫోన్లో తిరిగేదాన్ని ఎవరు నమ్ముతారు?

ఆ పేపర్‌కి మా ఊరి విలేకరి నాగేంద్రబాబు. నా దగ్గర చదువుకున్నవాడే. వార్తలూ అతనే తేవాలి, ప్రకటనలూ అతనే తేవాలి. చేను చూశాడు, విత్తనాల ప్యాకెట్‌తో సహా ఫొటోలు తీసుకున్నాడు, నిట్టూర్చాడు.

“ఇది పంపితే నా ఉద్యోగం పోద్ది సార్. ఆ కంపెనీ మాకు ఏడాది పొడుగునా యాడ్లు ఇచ్చిద్ది.”

“మీది స్వతంత్ర పత్రిక అని పైన రాసుకుంటారు కదరా?”

“స్వతంత్రమే సార్. ప్రభుత్వాన్ని ఎంతైనా తిట్టొచ్చు. మా ఓనర్‌కి పడని ప్రభుత్వమైతే.”

సరే, ప్రభుత్వ రేడియోకి వెళ్ళాం. అక్కడి అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఖాదర్ వలి గ్లాసులో పంచదార తక్కువైందని మళ్ళీ తెప్పించాడు కూడా. ఆ మర్యాద మరిచిపోను.

“ప్రజల సొమ్ముతో నడిచే సంస్థండీ మాది. ప్రజలు చెప్పిందల్లా ప్రసారం చేయలేం. వ్యవసాయ శాఖ నుంచి కాగితం రావాలి. ల్యాబ్ రిపోర్టుకి నలభై రోజులు పడుతుంది.”

“ఆలోపు వాళ్ళంతా నారు పోసేస్తారు సార్,” అన్నాడు ఖాదర్ వలి.

“అప్పుడు నష్టపోయిన రైతులకు సూచనలు ఇస్తామండీ. ప్రత్యేక కార్యక్రమం.”

తిరుగు బస్సులో ఖాదర్ వలి అడిగాడు. “ఈ రెంట్లో ఏది మంచిదని రాస్తే మార్కులేసేవాళ్ళు సార్ మీరు?”

“ఏది రాసినా వేసేవాణ్ణి.”

“పాసైన వాళ్ళంతా వీళ్ళేనన్నమాట!”

ఇంటికొచ్చి చూస్తే గోడ మీద మా ఆవిడ సుబ్బరావమ్మ ఫొటో పక్కన, ఆమె సంవత్సరీకానికి నేను పేపర్లో వేయించిన శ్రద్ధాంజలి కనిపించింది. ‘ముప్పై నాలుగేళ్ళు కూరలో ఉప్పు తగ్గించి నన్ను బతికించావు’ అని రాసిచ్చాను. అదేం మాట అని ఎవరూ అడగలేదు. ఉన్నదున్నట్టు అచ్చేశారు. వార్త అయితే పేపర్ ఆఫీసులో పదిమంది చదివి ఆపుతారు. డబ్బు కట్టిన ఏడుపును అక్కడ ఎవరూ చదవరు.

మర్నాడు నాగేంద్రబాబు చేతికి ఒక కాగితం ఇచ్చి, పొదిలి వైపు వెళ్ళే ప్రకాశం జిల్లా పేజీలో వేయించమన్నాను.

‘శ్రద్ధాంజలి. మా మిరపచేను. జననం: జూన్ నెల, నారుమడిలో. మరణం: పూత రాకుండానే.’ కింద కంపెనీ పేరు, లాటు నంబరు. ‘ఇదే లాటు ప్యాకెట్లు ఇళ్ళలో ఉన్న బంధుమిత్రులు విత్తవద్దని ప్రార్థన. శోకతప్తులు: ఖాదర్ వలి, మరి ఇరవై మంది రైతులు.’

నాగేంద్రబాబు రెండుసార్లు చదివాడు. తిరిగి ఇచ్చేస్తాడనుకున్నాను. జేబులోంచి ఫోన్ తీసి, తను తీసిన ప్యాకెట్ ఫొటో పెద్దది చేసి చూశాడు.

“నంబర్లో చివర ఒకటి వేశారు సార్. ప్యాకెట్ మీద ఏడు ఉంది.”

తన పెన్నుతోనే దిద్దాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా మొహం చూడకుండా బండెక్కాడు.

మూడోరోజు పొద్దున, పిచ్చమ్మ అనే ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఫొటో పక్కన పూతలేని మిరపమొక్క ఫొటో అచ్చయింది. పదింటికల్లా రహమతున్నీసా ఫోన్. పొదిలిలో విత్తనాల కొట్టు ముందు ఒక చేత్తో పేపరు, ఒక చేత్తో ప్యాకెట్లు పట్టుకుని జనం నిలబడ్డారట. కొట్టువాడు మారుమాట లేకుండా వెనక్కి తీసుకుంటున్నాడట.

ఆ మధ్యాహ్నం పేపర్ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. గొంతు చాలా మెత్తన.

“మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం సార్. పదకొండో రోజు పెద్దకర్మ ప్రకటనకి రాయితీ ఉంది. వేయమంటారా?”

చచ్చిన మొక్కలు పీకుతున్న ఖాదర్ వలికి గట్టు మీద నుంచే ఆ మాట చెప్పాను. అతను నడుం ఎత్తలేదు.

“మాలో నలభయ్యో రోజు చేస్తామని చెప్పండి సార్. ఆ రోజుకి రేడియో వాళ్ళు కూడా వచ్చి ఏడుస్తారు.”