బట్ట బరువు తీసేస్తే

మా వాళ్లలో ఎవరికి ఏ విద్య వచ్చినా రాకపోయినా, ఎదుటి ఆడపిల్ల ఒంటిని కళ్లతో తూచడం మాత్రం అందరికీ వచ్చు. గడపలోకి వచ్చిన మనిషి చెప్పులు విడవకముందే లావైందో చిక్కిందో తేల్చేస్తారు. మంచినీళ్లు ఆ తర్వాత. మా హర్షిణి సంగతి చెప్పబోతే నాకు అన్నిటికంటే ముందు ఈ కోపమే వస్తుంది. అందుకే దాన్ని ముందు దించేసుకున్నాను.

హర్షిణి మా బావ దేవన్న కూతురు. నేను దానికి చిన్నమ్మను. బోధన్‌లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. బావకు రుద్రూర్ దారిలో కొంత చెరుకు, కొంత వరి ఉన్నాయి. నా తోడికోడలు గంగుబాయిని నేను అక్కా అనే పిలుస్తాను, నిజంగా అక్కలాగే చూసుకుంది కూడా.

హర్షిణి నెలలు నిండకుండా పుట్టింది. కిలోకు కాస్త ఎక్కువ, అంతే. నిజామాబాద్ దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. రోజూ పొద్దున నర్సు పిల్లను బట్టలో చుట్టి తూచేది. ఆ తర్వాత బట్ట బరువు తీసేసి అసలు బరువు చెప్పేది. ఆ తీసివేత అంటే అక్కకు ఎంత కోపమో! "బట్ట గూడ దానిదే గద సిస్టరమ్మా, ఉండనియ్యరాదు" అని బతిమాలేది. నర్సు నవ్వి తీసేసేది. పిడికెడు బరువు పెరిగిందని చెప్పిన రోజు అక్క వరండాలో కూర్చుని సంతోషంతో ఏడ్చేది. పెరగని రోజు ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఆ వరండాలోనే సమ్మక్క తల్లికి మొక్కుకుంది. నేను పక్కనే ఉన్నాను. "తల్లీ, నా బిడ్డ బరువెక్కాలె. బరువెక్కి, దాని కాళ్ల మీద అది నిలవడి కాంటా ఎక్కిననాడు, నిలువెత్తు బంగారం నీ గద్దెకు తెస్త."

మొక్కులో బంగారమంటే బెల్లం. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూయించి, మేడారం తీసుకుపోయి గద్దె మీద సమర్పించుకుంటారు. అక్క ఆ తల్లిని చదువు అడగలేదు, అందం అడగలేదు. బరువు అడిగింది. మా ఇంట్లో అందరూ మరిచిపోయింది ఈ ఒక్క మాటనే.

పిల్ల బతికింది. బతకడమే కాదు, బుగ్గలతో, మడతలు పడే చేతులతో ముద్దుగా పెరిగింది. ఎత్తుకోనివాళ్లు లేరు. దాని నవ్వు గోడ దాటి మా వంటింట్లోకి వినిపించేది. మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఒక జాతరకు మా అత్తగారు పోయారని ఆగాం. ఇంకో జాతరకు బావ కాలు విరిగింది. అన్నీ కుదిరేసరికి పిల్లకు పన్నెండేళ్లు దాటాయి, అది కాంటా ఎక్కనని మొండికేసింది.

ఎక్కనంటే ఎక్కదు మరి. బజారులో రామ్‌దాస్ సేఠ్ బెల్లం దుకాణంలో మొక్కు తూకం వేస్తారు. జాతర రోజుల్లో దుకాణం ముందు డప్పులు మోగుతుంటాయి. మనిషి కాంటా ఎక్కగానే సేఠ్ ఆ బరువును బజారంతా వినపడేలా అరిచి చెప్తాడు, జనం తల్లికి జై కొడతారు. భక్తితో చేసేదే. కానీ అప్పటికే హర్షిణిని బస్సులో కండక్టర్ రెండు టికెట్లు కొట్టాలా అని అడిగి ఉన్నాడు. ఇక తన బరువును డప్పులతో వినడానికి ఏ పిల్ల ఒప్పుకుంటుంది?

చిన్నప్పుడు బుగ్గలు గిల్లినవాళ్లే తర్వాత వంకలు వెతికారు. లావు అంటే వాళ్లకు లావు ఒక్కటే కాదు. బద్ధకం, తిండిపోతుతనం, తల్లి చేసిన గారాబం, అన్నీ ఆ ఒంటిమీద చదివేసేవారు. పొద్దున లేచి వాకిలి ఊడ్చేది ఆ పిల్లే. నీళ్ల డబ్బా ఒంటిచేత్తో ఎత్తి లోపల పెట్టేది ఆ పిల్లే. అది ఎవరికీ కనపడేది కాదు. రెండో పూరీ కోసం చెయ్యి చాపితే మాత్రం పంక్తి అంతా చూసేది.

అందరికంటే పెద్ద నోరు మా ఆడబిడ్డ ఈరవ్వ వదినెది. ఆమెను మోర్తాడ్‌లో ఇచ్చారు. పసుపు పండించే ఇల్లు, చేతికి ఎముక లేని మనిషి. ఎవరింట్లో ఆపద వచ్చినా ముందు ఆమె వస్తుంది. ఆ మంచితనం వల్లే ఆమెను ఎదిరించడం ఎవరివల్లా కాలేదు. "తిండి మీద అదుపు లేని పిల్లకు దేని మీద అదుపుంటదే గంగూ?" అని అందరిలో అనేది. ఆ మాట పడలేక అక్క, ఎవరూ అనకముందే తానే కూతురి పళ్లెంలోంచి పూరీ తీసేయడం మొదలుపెట్టింది. హర్షిణి అప్పుడు కూడా నవ్వేది. ఎవరు ఏమన్నా ముందు తానే నవ్వితే గొడవ ఉండదని ఆ పిల్ల ఎప్పుడో నేర్చుకుంది.

రెండేళ్ల కింద, హర్షిణికి పద్దెనిమిది నిండాక, మోర్తాడ్‌లో వదినె వాళ్లు కొత్త ఇల్లు కట్టుకుని మమ్మల్ని పిలిచారు. భోజనాల దగ్గర ఎవరో మేడారం మాట ఎత్తారు. వదినె గరిట పట్టుకుని నిలబడి, "మా గంగు మొక్కు ఇంక బాకే ఉన్నది. ఇగ ఆ బాకీ తీరాలంటె లారీ మాట్లాడాలె. బోధన్ చెరుకంత గానుగవట్టినా బెల్లం సాలది" అన్నది. పంక్తి పంక్తంతా పొర్లి పొర్లి నవ్వింది. హర్షిణి అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూనే విస్తరి మడిచేసి లేచింది. దాని పూర్ణం బూరెలు ముట్టకుండానే ఉన్నాయి, అవంటే దానికి ప్రాణం.

ఇంటికి వచ్చిన మర్నాడు తనంతట తానే అన్నది. "అమ్మా, వచ్చే జాతరకు మొక్కు తీర్సుకుందాం. నేను కాంటా ఎక్కుత. కాకపోతె మొక్కు తీరేదాక ఒక్కపొద్దులుంట."

అక్క సంతోషం పట్టలేక గోడ మీదుగా నన్ను పిలిచి మరీ చెప్పింది. ఒక్కపొద్దు అంటే ఒక పూటే తినడం. మొదట గురువారం ఉన్నది. తర్వాత బుధవారం చేరింది, ఆ తర్వాత శనివారం. దసరా వచ్చేసరికి రోజూ ఒక్కపొద్దే. ఆ ఒక్క పూటా అన్నాన్ని పళ్లెంలో అటూ ఇటూ నెట్టడమే కానీ నోట్లోకి పోయేది తక్కువ. పిల్ల అలిగి తినకపోతే ఇల్లంతా బతిమాలి తినిపిస్తాం. దేవుడి పేరు చెప్పి తినకపోతే మా ఇళ్లల్లో ఎవరూ అడ్డం రారు. పైగా మెచ్చుకుంటారు.

మెచ్చుకోళ్లు మామూలుగా రాలేదు. ఒళ్లు తగ్గుతున్న కొద్దీ హర్షిణి మంచిపిల్ల అయిపోయింది, బుద్ధిమంతురాలు అయిపోయింది, భక్తురాలు అయిపోయింది. దీపావళికి వదినె వచ్చి, దాని గడ్డం పట్టుకుని, "గిప్పుడు మనిషి లెక్క ఉన్నవు బిడ్డా" అని కొత్త చీర పెట్టింది. అంతకుముందు ఏం లెక్క ఉండెనో అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ హర్షిణి ముఖం చూసి ఆగిపోయాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక మేనత్త నోట మొదటి మంచి మాట విన్నది.

నాకు మాత్రం వేరేవి కనపడుతున్నాయి. ఎండలో కూర్చుని కూడా స్వెట్టర్ విప్పదు. దువ్వెన నిండా వెంట్రుకలు. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోతుంది. నెలసరి ఆగిపోయిందని నాకొక్కదానికే చెప్పింది. అన్నిటికంటే, గోడ అవతలి నుంచి నవ్వు వినపడటం మానేసింది. దవాఖానకు పోదాం రమ్మని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

"చిన్నమ్మా, నేను లావుగున్నప్పుడు అందరు అన్నరు, నువ్వొక్కదానివే అనలే. ఇప్పుడు అందరు మంచిగున్నవంటున్నరు, నువ్వొక్కదానివే అంటున్నవు" అన్నది.

నేను నేరుగా అక్క దగ్గరికి పోయి అన్నీ విప్పి చెప్పాను. అప్పటికే ఆమెకూ భయం పట్టుకుందని కళ్లు చూస్తే తెలిసింది. "నాకు కనవడ్తలేదా చెల్లె? కానీ ఎన్నేండ్ల సంది బాకీ పెట్టిన మొక్కు. మొక్కుల ఉన్న పిల్లకు బలవంతంగ తినవెడితె తల్లికి కోపమొస్తె? ఇచ్చిన తల్లే తీస్కపోతె? ఇంక కొన్ని దినాలే గద. జాతర కానీ, నా చేత్తోని ముద్దలు పెడత" అన్నది. బావ గోడకు ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు.

జాతర దగ్గరపడ్డాక అందరం రామ్‌దాస్ సేఠ్ దుకాణానికి పోయాం. వదినె మోర్తాడ్ నుంచి చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చింది. కాంటాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. డప్పులు మోగాయి. హర్షిణి వదినె పెట్టిన చీరే కట్టుకుంది. కాంటా ఎక్కేముందు చెప్పులు విడిచింది. గాజులు తీసి నా చేతికిచ్చింది. తర్వాత పట్టీలు, మెడలో గొలుసు, చివరికి తలలో పూలు కూడా తీసి ఇచ్చింది. పూలు ఏం బరువే తల్లీ అనుకున్నాను.

సేఠ్ ఎదుటి తట్టలో తూకపు రాళ్లు పేర్చి, లెక్క చూసి గొంతెత్తాడు. "నలభై మూడు కిలోలు!"

జనం చప్పట్లు కొట్టారు. వదినె ఈలొక్కటే వేయలేదు. "సగం తగ్గింది సూడుండ్రి! గిది పట్టుదలంటె" అని చుట్టాలందరికీ చూపించింది. హర్షిణి ఆ రాళ్లవైపు చూసి చిన్నగా నవ్వింది. తర్వాత సేఠ్ వైపు వంగి, మెల్లగా అడిగింది.

"సేఠ్, ఇది చీరతోని గద? బట్టల బరువు తీసేస్తె ఎంతుంటది?"

అక్క ఆ మాట విన్నది. విని, దుకాణం మెట్టుమీద ఉన్నది ఉన్నట్టే కూలబడింది. మిగతావాళ్లు డప్పుల హోరులో చూడలేదు. ఆమె ముందు ఏ వరండా, ఏ అద్దాల పెట్టె కనపడుతున్నాయో నాకొక్కదానికే తెలుసు.

రాళ్లు తీసేసి, ఆ తట్టలో బెల్లం ముద్దలు పేర్చడం పూర్తయింది. కాంటా సమానమైందని సేఠ్ చెయ్యి ఊపాడు. అక్క లేచి, "ఇంకా పెట్టు సేఠ్" అన్నది.

"జాస్త్ కశాలా బాయీ? ఎక్కువెందుకు? కాంటా బరాబరున్నది."

"బరాబరు లేదు. నేను తల్లిని అడుక్కొని తెచ్చుకున్న బిడ్డ ఇంకా ఉండె. సగం బిడ్డకు తూస్తె నా మొక్కు ఎట్ల తీరుతది? పోయింది గూడ పెట్టు." ఒక బెల్లం ముద్ద తానే ఎత్తి పెట్టబోయింది.

హర్షిణి కాంటా మీద నుంచే తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత. అందరి ముందల నన్ను మళ్ల లావు చెయ్యకే."

చుట్టూ చుట్టాలు చూస్తున్నారు. అక్క ప్రేమతో పెట్టబోయిన ముద్ద ఆ పిల్లకు ఇంకో ఎగతాళిలా కనపడింది. అలా కనపడేలా చేసింది మేమందరం. అక్క ముద్దను కింద పెట్టేసి, "సరే సేఠ్, కాంటా ఎంత చెప్తె గంతే" అన్నది.

తూకం అయ్యాక కొంచెం బెల్లం చిదిపి, తూగిన మనిషి నోట్లో పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. తల్లి బంగారాన్ని ఎవరూ వద్దనకూడదు. అక్క పెట్టింది. హర్షిణి కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఆ పిల్ల కిటికీవైపు తిరిగి, పైట కొంగును నోటి దగ్గర పెట్టుకుంది. మళ్లీ దించేసరికి కొంగు చివర తడిగా, ఉండగా ఉంది. దాన్ని ముడి వేసి ఒడిలో దాచుకుంది. అక్క అది చూసింది. ఇంటికి వచ్చాక, విప్పిన చీర ఉతకడానికి తీసుకుని, ముడి విప్పి, ఆ ఎంగిలి బెల్లాన్ని తన నోట్లో వేసుకుంది. పసిపిల్ల వదిలేసిన ముద్దను తల్లి తినేసినట్టే తిన్నది. తింటూ, చీరలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

మేడారంలో జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. గద్దె దాకా హర్షిణి నా భుజం మీద వాలి నడిచింది. నా భుజానికి బరువే తెలియలేదు. బావ, అక్క కలిసి బెల్లం గద్దె మీద సమర్పించారు. ఎన్నో ఏళ్ల బాకీ తీరిపోయింది. ఇంక తిరిగి పోవడమే అనుకుంటుండగా అక్క మళ్లీ చేతులు జోడించింది.

ఆమె ఒకవైపు, హర్షిణి ఒకవైపు, నడుమ నేను. ఇద్దరి కళ్లూ మూసి ఉన్నాయి. హర్షిణి పెదాలు కదులుతున్నాయి. "తల్లీ, నేను మళ్ల లావు కావద్దు. గిట్లనే ఉంచు."

ఇటువైపు నుంచి అక్క గొంతు వచ్చింది. అప్పుడు దవాఖాన వరండాలో పైకే మొక్కిన మొక్కును, అవే మాటలతో, ఇప్పుడు కూతురికి వినపడకుండా గుసగుసగా మొక్కుతోంది.

"తల్లీ, నా బిడ్డ బరువెక్కాలె."