రాజు బొమ్మ వెనక దాక్కున్న మెనూ

బొమ్మలాట మొదలవ్వాల్సిన వేళకి హాల్లో తెర ఇవతల ముగ్గురమే ఉన్నాం. ఒకరు హాలు ఓనరు. ఇంకొకరు బాత్రూం ఎటని అడుగుతూ లోపలికొచ్చిన పెద్దమనిషి. మూడోదాన్ని నేను, టికెట్లు చింపడానికి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఓనరు ముందే చెప్పేశాడు. "చూడమ్మా, ఈసారి సగం హాలైనా నిండకపోతే జిమ్ము వాళ్ళకి ఇచ్చేస్తాను. నా దగ్గర మొహమాటాలు లేవు."

మా మావయ్య బొమ్మలాడించడం మొదలుపెట్టిన నాటికి నేను పుట్టనే లేదు. ఆయన తెర పక్కనుంచి తొంగి చూశారు. రాజు బొమ్మని పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, తాడు బిగించి ముడేశారు.

"ఇక దీన్ని విప్పనమ్మా," అన్నారు.

ఆ మాటకి నాకు ఏడుపు రావాల్సిన చోట కోపమొచ్చింది. అదీ తిన్నగా, తెర వెనక దీపాలు చూస్తున్న మా మరిది మీదికి.

ఒక్కచోట కుదురుగా ఉండడు కనక వాణ్ణి ఇంట్లో బొంగరం అంటాం. వెబ్‌సైట్లు తయారుచేయడం వాడి పని. తలుపేసుకుని కూర్చుని మా బొమ్మలాటకి కొత్త సైటు చేశాడు. మా ఇంట్లో ఏది కొత్తగా చేసినా, బొమ్మకి కుట్టిన చొక్కా అయినా సరే, అందరం కలిసి చూసి చప్పట్లు కొట్టాకే బయటికి వెళుతుంది. సైటుకీ అంతే. వాడి గదిలో గోడంత కంప్యూటరు తెర ముందు చేరాం. తెర నిండా రాజు బొమ్మ, దాని మీదే ఆట తేదీ, వేళ, పైన వరసగా మెనూ: ఆట, కథ, ఎక్కడ. 'ఎక్కడ' నొక్కగానే ఈ హాలు చిరునామా టక్కున వచ్చింది. చప్పట్లు కొట్టాం. మావయ్యయితే కళ్ళు తుడుచుకున్నారు.

"ఏరా బొంగరం, ఊరంతా చూస్తోందన్నావు! ఏదిరా ఊరు?" అని నిలదీశాను.

"ఒట్టు వదినా, చాలామంది చూశారు."

"చూసినవాళ్ళందరికీ ఒకేసారి కడుపునొప్పి వచ్చిందా?"

అప్పుడే ఓనరు ఫోను మోగింది. ఆయనకి చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు. భార్య గొంతు హాలంతా దద్దరిల్లింది.

"ఎక్కడున్నారండీ? మా అక్కావాళ్ళని కూడా వెంటేసుకొచ్చాను. ఇక్కడ తలుపుకి తాళం! జనం రోడ్డు దాకా నిలబడ్డారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఇదేం మర్యాద?"

"ఏ తలుపే? నేను హాల్లోనే ఉన్నా. ఇక్కడ ఈగలు తోలుకుంటున్నాం."

"హాలేంటి? పాత గోదాములో కదా ఆట! సైట్లో అదే ఉంది."

"ఆట మన హాల్లో అయితేను!"

"ఆ ముక్క నాకెప్పుడు చెప్పారు?"

పాత గోదాములో ఆడడం పోయినేడాదే మానేశాం.

బొంగరం జేబులోంచి ఫోను తీశాడు. తను చేసిన సైటుని వాడు ఫోన్లో తెరవడం అదే మొదటిసారి. రాజు బొమ్మ తెరంతా ఆక్రమించింది. మెనూ దాని వెనక్కి పోయి కనబడకుండా అయింది. కిందికి, ఇంకా కిందికి జరిపితే అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'చిరునామా' అని ఒక్కటి మిగిలింది. నొక్కాడు. పోయినేటి పేజీ తెరుచుకుంది. అందులో పాత గోదాము.

వాడు ఫోను నా ముందు పెట్టాడు. "పైన కొత్తది పెట్టాను కదా అని అడుగున పాతది తీసెయ్యలేదు వదినా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ గోడంత తెర ఊళ్ళో ఎవరింట్లో ఉందిరా?"

"తిట్లు తర్వాత," అన్నాడు ఓనరు లేస్తూ. "పెట్టె నా వ్యానులోకి ఎక్కించండి." ఫోనులోకి అరిచాడు. "వస్తున్నాం. ఎవర్నీ కదలనివ్వకు!"

"నేనేమన్నా పోలీసునా? త్వరగా రండి!"

గోదాము మలుపు తిరగగానే వ్యానులోంచి తల బయటపెట్టి చూశాను. లారీల సరుకు దించే అరుగు చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. తండ్రుల భుజాల మీద పిల్లలు. అరుగు మీద ఓనరు భార్య చేతులు బార్లా చాపి, "వచ్చేస్తున్నారు, కాస్త ఆగండి!" అని గొంతు చించుకుంటోంది.

ఓనరు స్టీరింగు వదల్లేదు. "జిమ్ముకి ఇంతమంది ఏ జన్మలో వస్తారు?" అని తనలో తనే గొణుక్కున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "హాలు మీదేనమ్మా. ముందా సైటు బాగుచేయించు," అన్నాడు.

మావయ్య పెట్టెని అరుగు మీద దింపించుకుని, జనాన్ని చూస్తూ ఉండిపోయారు.

"వీళ్ళంతా మన కోసమేనా?"

"కాక, గోదాము గోడలు చూడ్డానికొచ్చారా మావయ్యా?"

ఆయన వంగి ముడి పట్టుకున్నారు. ముడి రాలేదు.

"ఎంత గట్టిగా కట్టానే! నా వల్ల కావట్లేదు. నువ్వు విప్పమ్మా."

నా గోళ్ళకీ అది లొంగలేదు. చివరికి పళ్ళతో పట్టి లాగాను.