పద్నాలుగు గళ్ళ పుస్తకం

మీ నాయనమ్మకు నాయనమ్మ ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం. పేరు అక్కర్లేదు. ఏటికి ఇవతలి మనిషా అవతలి మనిషా, అంతవరకు చెబితే చాలు. ఒక్క చెయ్యీ లేవలేదు. మరి ‘మాది స్వచ్ఛమైన రక్తం’ అనే మాట మీ నోట్లోకి ఇంత ధీమాగా ఎలా వచ్చింది? సరే, మొహాలు ముడుచుకోకండి. మనుషుల జోలికి నేను పోను. జింకల సంగతి చెబుతాను.

ఏటి ఒడ్డున ఒక జింకల కేంద్రం ఉండేది. కొండజింకలు అంతరించిపోకుండా కాపాడటం దాని పని అని గేటు మీద పెద్దక్షరాలతో రాసి ఉండేది. ఏటికి ఇవతల కొండజింకలు, అవతల ఏటిజింకలు. ఒకే జాతిలో రెండు శాఖలు, అన్నదమ్ముల పిల్లల్లాంటివి. కొండజింకకు వీపు మీద నల్లచార, రాళ్ళమీద పట్టు దొరికే ఇరుకు గిట్టలు. ఏటిజింకకు వెనక తెల్లమచ్చ, బురదలో దిగబడని వెడల్పాటి గిట్టలు. తేడా అంతే. ఆ అంతకే నలభై జింకల చుట్టూ రెండు వరసల కంచె.

ఆ దొడ్డిలో మేత వేసే అమ్మాయిని అందరూ ఎదురుమాట అని పిలిచేవాళ్ళు. చేరిన మొదటివారంలోనే కేంద్రం నడిపే పెద్దాయనను ‘ఎందుకు’ అని అడిగినందుకు గుమాస్తా పెట్టిన పేరది. ఆ తర్వాత ఆమె పెద్దగా ఎదురు చెప్పింది లేదు. పేరు మాత్రం బంకలా అంటుకుపోయింది.

పొద్దున్నే ఆరింటికి ఆమె పని మొదలు. తొట్లు కడగడం, గడ్డి దులపడం, దాణా కలపడం. అప్పటికే పెద్దమ్మ పొడుగు చీపురుతో ఈనే దొడ్డి ఊడుస్తూ ఉండేది. పెద్దమ్మ అంటే ఊడ్చే ముసలావిడ. ఎదురుమాటకు చుట్టమేం కాదు, అయినా ఈ లోకంలో ఆమెను కడుపునిండా తిట్టే హక్కున్నది ఆవిడకే.

“నిన్న ఎవరొచ్చారే, ఇంత పెంట చేసిపోయారు?”

“పదకొండో నంబరు ఈనింది కదా పెద్దమ్మా. దాని వాళ్ళు.”

“చచ్చినవాళ్ళు చచ్చినట్టుండరు. వస్తారు, చూస్తారు, పోతారు, పేడ మాత్రం నాకొదిలిపోతారు. అక్కడ ఏం తింటారో ఏమో, బతికున్నవాటికంటే ఎక్కువ వేస్తారు.”

అదీ అక్కడి రివాజు. జింక ఈనగానే, పిల్లను చూడటానికి దాని పూర్వీకులు వెనకగేటు గుండా వచ్చేవి. బతికున్నవి పక్కదొడ్లోంచి, చచ్చినవి వెనక బయల్లోంచి. ముందు తల్లిదండ్రులు, తర్వాత తాతలు, అమ్మమ్మలు, వాళ్ళ వెనక ముత్తాతలు, వరస తప్పకుండా. పిల్లను వాసన చూసేవి. తడిపిల్ల ఒళ్ళు ఆరేంతసేపు ఉండి, కడిగిన నేల మీది తేమలా మెల్లగా మాసిపోయేవి. పేడ మాసేది కాదు.

గుమాస్తా ఒక మూల కుర్చీ వేసుకుని వచ్చినవాటిని వంశం పుస్తకంలో రాసుకునేవాడు. ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ, పేజీకి పద్నాలుగు గళ్ళు. రెండు, నాలుగు, ఎనిమిది: మూడు తరాలు. గళ్ళు నిండగానే “గేటు” అనేవాడు. ఎదురుమాట వెళ్ళి గడియ వేసేది. గడియ వేసిన తర్వాత కూడా గేటు అవతల గిట్టల చప్పుడు వినిపించేది, ఇంకా ఎవరో వరసలో నిలబడినట్టు. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పుస్తకంలో గళ్ళు లేనివాళ్ళు వస్తే ఎంత, రాకపోతే ఎంత?

“అటేడు తరాలు ఇటేడు తరాలు చూడాలంటారు కదండీ,” అని ఒకసారి ఆమె అడిగింది.

“అది సామెత అమ్మాయ్,” అన్నాడు గుమాస్తా. “ఇది ఆఫీసు.”

ఇప్పుడు అసలు కంపు చెప్పాలి. ఈ మధ్య పుట్టే పిల్లలకు పద్నాలుగు గళ్ళు నింపడానికి పద్నాలుగు జింకలు రావడం మానేశాయి. ఆరే వచ్చేవి. అన్నకు చెల్లెలిని కట్టి, వాటి పిల్లల్లో మళ్ళీ అన్నకు చెల్లెలిని కట్టి, బయటి గాలి సోకకుండా పెంచిన మంద అది. తాతా ముత్తాతా ఒకటే అయితే ఇంకెన్ని వస్తాయి? గుమాస్తాకు హాయి. ఒకే నంబరును నాలుగుచోట్ల రాసేసి కలం మూసేవాడు. పెద్దాయనకు ఇంకా హాయి. “ఆరుతో పద్నాలుగు. దీన్నంటారు స్వచ్ఛత అని,” అంటూ ఆ పేజీని వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

ఆ స్వచ్ఛమైన పిల్లల్ని మాత్రం చూపించేవాడు కాదు. ఒకదానికి కింది దవడ పక్కకు తిరిగి ఉండేది, పాలు తాగితే చెవి పక్కనుంచి కారేవి. ఒకదానికి కళ్ళు పాలరంగు. ఒకటి పుట్టిన రోజు నుంచీ నోటి పక్కన నురగతో గోడకు తల ఆనించి నిలబడేది. ఎదురుమాట గుడ్డతో ఆ నురగలు తుడిచేది. ఇంటికెళ్ళి ఎన్ని సబ్బులు అరగదీసినా పులిసిన పాల కంపు గోళ్ళలోంచి పోయేది కాదు. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి మళ్ళీ కంచంలో పెట్టేసేది.

పెద్దాయన చదువుకు పశువుల డాక్టరు. చేతులు కడుక్కోవడం ఆయనకు జబ్బులాంటిది. దొడ్డిలో దేన్నీ ముట్టుకోడు. ముట్టుకోవలసి వస్తే స్పిరిటు దూదితో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటాడు. ఆయన స్వయంగా చేసే పని ఒక్కటే: కలగలుపు పిల్ల పుడితే సూది వెయ్యడం. వానలకు కంచె కూలినప్పుడల్లా ఏటి అవతలి పోతు ఏదో ఒకటి లోపలికి వచ్చేది. ఆ తర్వాత పుట్టిన పిల్లకు నల్లచారతో పాటు తెల్లమచ్చ కూడా ఉండేది. భోజనాల వేళలోపు దాన్ని లేకుండా చెయ్యాలని నియమం. కాళ్ళు పట్టుకోవలసింది ఎదురుమాట. అప్పటికి మూడు పిల్లల కాళ్ళు పట్టుకుంది. మూడూ గట్టి పిల్లలే. ఒక్కోదాని గుండె ఆగేదాకా ఆ కాళ్ళ తన్నుడు అరచేతుల్లో ఉండేది. పెద్దాయన మీద ఎంత రోత పుట్టేదో, తన చేతుల మీద అంతకు రెట్టింపు పుట్టేది. అయినా మూడుసార్లూ పట్టుకుంది. అది కూడా చెప్పాలి కదా.

ఒకనాటి పొద్దున రెండు జింకలు ఒకేసారి ఈనాయి.

తొమ్మిదో నంబరుకు పుట్టింది కలగలుపు పిల్ల. మాయ ఇంకా కాళ్ళకు చుట్టుకునే ఉంది, అప్పుడే లేచి నిలబడాలని ముందు మోకాళ్ళ మీద గెంతుతోంది. వీపు మీద చార, వెనక అరచేయంత తెల్లమచ్చ. దాన్ని చూడటానికి పన్నెండు వచ్చాయి, అయిదు ఈ వైపువి, ఆ వైపువి ఏడుకు ఏడూ, ఒక్కటీ తగ్గకుండా, దొడ్డి కిటకిటలాడింది. గళ్ళు నిండగానే ఎదురుమాట గేటు వేసింది. అలవాటు అలాంటిది. గేటు అవతల మాత్రం తొక్కిడి ఆగలేదు.

అవన్నీ మాసిపోయాక పదహారో నంబరు ఈనింది. స్వచ్ఛమైన మందలో స్వచ్ఛమైనది. పిల్ల దవడ వంకర. ముక్కులోంచి ఉమ్మనీరు కారుతోంది, తల్లి నాకడానికి వంగి, వెనక్కి తగ్గింది. ఎదురుమాట గేటు తీసింది. ఆరు వచ్చాయి. ఆ ఆరింటిలో నాలుగు దవడలు వంకరే.

పెద్దాయన గుమ్మం దగ్గర ముక్కుకు రుమాలు పెట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో సూది ఉన్న పళ్ళెం.

“అద్భుతం. ఆరు. రాసుకున్నావా?”

“రాశాను సార్. ఎంతసేపు సార్, రెండు నిమిషాల పని,” అన్నాడు గుమాస్తా. “అమ్మాయ్, గేటు.”

ఎదురుమాట తొమ్మిదో నంబరు పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. పిల్ల ఆమె బొటనవేలు చీకుతోంది. దవడలో బలం ఎంతుందంటే వేలు నొప్పి పుడుతోంది.

“నా చేతులు ఖాళీ లేవు,” అంది.

“కింద పెట్టి వెళ్ళి వెయ్యి.”

“మీరే వేసుకోండి.”

గుమాస్తా పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు. గేటు దాకా ఆరడుగుల పచ్చిపేడ. అతని బూట్లు కొత్తవి. “నేను లేస్తే సిరా ఒలుకుతుంది సార్,” అన్నాడు.

పెద్దాయన పెద్దమ్మ వైపు చూశాడు.

“చీపురు పట్టడానికి జీతమిస్తున్నారు బాబూ, గడియ పట్టడానికి కాదు,” అంది పెద్దమ్మ. “తమరు వెయ్యండి. నాలుగడుగులే.”

పెద్దాయన గడియ వైపు చూశాడు. దాన్నిండా ఇందాకటి జింకలు రాసిన చొంగ, వెంట్రుకలు, ఆకుపచ్చ పేడ. రుమాలు పట్టిన చెయ్యి ముక్కు మీంచి కాస్త దిగింది, మళ్ళీ అక్కడికే పోయింది. లోకంలో స్వచ్ఛత అంతా ఆయన మీదే ఆధారపడి ఉంది, కానీ ఆ గడియను మాత్రం ముట్టుకోలేకపోయాడు.

ఆ కాస్త ఆలస్యంలో నాలుగో తరం లోపలికి వచ్చింది. మళ్ళీ ఒక అన్నా చెల్లెలూ. తర్వాత అయిదో తరం. వాటి వెనక ఆరో తరం. వీటి దవడలు కొంచెం తిన్నగా ఉన్నాయి.

ఏడో తరంలో ఒక ముసలి ఆడజింక వచ్చింది. గేటులో కాసేపు ఆగింది, ఎన్నాళ్ళుగానో బయట నిలబెట్టిన చుట్టం గడపలో ఆగినట్టు. పేడలో నడుస్తుంటే దాని గిట్టలు దిగబడలేదు. వెడల్పాటి గిట్టలు. తిరిగి నిలబడితే వెనక తెల్లమచ్చ, పాతబడి పసుపురంగు తిరిగింది.

“ఇది ఇక్కడిది కాదు,” అన్నాడు పెద్దాయన.

“ఇక్కడిదే సార్,” అంది ఎదురుమాట. “పదహారో నంబరు పిల్ల కోసం వచ్చింది. చూడండి, ఆ పిల్లనే వాసన చూస్తోంది.”

గుమాస్తా అప్పటికే గళ్ళు లేనిచోట, అంచులో, చిన్నక్షరాలతో రాసేస్తున్నాడు. వచ్చినదాన్ని రాయకుండా ఉండటం అతనికి చేతకాదు. “ఏడో తరం, ఆడ, ఏటిజింక,” అని పైకి చదివాడు కూడా. చదివాక తలెత్తాడు. “సార్, ఈ పిల్లకు ఇది ఏడో తరం అయితే, మన నలభైకీ ఇది ఎంతో కొంత తరమే కదా. అన్నీ ఆ అన్నాచెల్లెళ్ళ పిల్లలే.”

“ఆ పేజీ చింపు.”

“చింపితే వరస నంబరు తప్పుతుంది సార్. పై ఆఫీసువాళ్ళు అడుగుతారు.”

“ఇంతకీ నియమం ఏమంటుంది?” అంది ఎదురుమాట. ఈసారి ఆమె గొంతు దొడ్డి అంతా వినబడింది. “కలగలుపు అయితే భోజనాల లోపు సూది. ఏ తరందాకా అని ఉందా అందులో? లేదు. నలభైకి నలభై సూదులు తెప్పించండి. ఈ వంకరదవడతో మొదలుపెట్టండి, మీ స్వచ్ఛతకు మొదటి బహుమతి. కాళ్ళు నేను పట్టుకోను. మీరే పట్టుకోండి, చేతులతో.”

పెద్దాయన ముసలిజింక వైపు చూశాడు. అది ఆయన దగ్గరికి వచ్చి, పళ్ళెం వాసన చూసి, ఆయన చొక్కా చేతిమీద మెల్లగా ముక్కు తుడుచుకుంది. ఆయన కదల్లేదు. కదిలితే ఇంకేదైనా తగులుతుందని భయం. కాసేపటికి సూది మీద మూత పెట్టాడు. పళ్ళెం గోడ మీద పెట్టి, గదిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఆ గదిలో నీళ్ళ చప్పుడు ఆగలేదు.

తొమ్మిదో నంబరు పిల్ల మధ్యాహ్నానికి లేచి నిలబడింది. భోజనాల వేళ దాటిపోయింది, దాన్ని ఎవరూ అడగలేదు. పెద్దమ్మ పాతిక జింకల పేడ ఎత్తి, నడుం పట్టుకుని, “మొదట్నుంచీ ఈ గేటు తెరిచి ఉంచితే ఒక్కరోజుతో పోయేది కదే దరిద్రం,” అని తిట్టుకుంది.

ఆ ఏడాది వానలకు కంచె కూలితే ఎవరూ నిలబెట్టలేదు. నిలబెట్టమని రాయాలంటే ఎవరినుంచి ఎవరిని కాపాడాలో రాయాలి, గుమాస్తాకు ఆ వాక్యం కుదరలేదు. తొమ్మిదో నంబరు పిల్ల పెరిగి పోతు అయింది. దానికి పుట్టిన పిల్లల్లో వంకరదవడ ఒక్కటీ లేదు. వంకరదవడ పిల్ల మాత్రం ఎనిమిది నెలలు బతికింది, ఎదురుమాట చేతి పాలమీద. దాన్ని పాతిపెట్టింది కూడా ఆమే. ఆ రోజు కడిగిన చేతులు మళ్ళీ కడుక్కోలేదు.

అయిపోయిందనుకుని లేవకండి. ఏటికి ఎగువన ఇంకో కేంద్రం ఉంది. గుమాస్తా తన పేజీకి నకలు తీసి అక్కడికి పంపాడు. ‘మా మంద అలాంటిది కాదు’ అని జవాబు వచ్చింది. అక్కడ ఈ వారం ఏడు పిల్లలు పుట్టాయి, ఏడింటికీ తెల్లమచ్చ ఉంది. సూది శుక్రవారం పదిగంటలకు. కాళ్ళు పట్టుకోవడానికి అక్కడా ఒక అమ్మాయి ఉంది, ఆమెకు ఇంకా ఏ పేరూ పెట్టలేదు. తొమ్మిదింటికల్లా వచ్చి ఆమె పక్కన నిలబడండి. పాతబట్టలు వేసుకుని రండి.