ఎజ్రా తాత పేరు మీది ఇల్లు

పన్ను పెంచడానికి మీకు మా అర్జీ అక్కర్లేదు. సరస్సు ఒడ్డున డబ్బున్నవాళ్లు మేడలు కట్టారని మా రేకుల ఇళ్లకు కూడా ధర పెంచేసి, చీటీ నేరుగా గడపకు పంపుతారు. తగ్గించాల్సి వస్తే మాత్రం మేమే రావాలి, మేమే అడగాలి, అదీ ఏప్రిల్ ఒకటి దాటకుండా. అడగనివాడికి లేదు. అడగాలని చెప్పేవాడూ లేడు. వీట్లీ కౌంటీ పన్నుల ఆఫీసు పెద్దలారా, ఆర్డెల్ ప్రూయిట్ అంటే మీకు ఎవరో తెలియదు. డెబ్బై ఒకటో నంబరు అంటే గుర్తొస్తుందేమో.

ఆ ఏప్రిల్ ఒకటిన ఉదయం ఐదున్నరకు ఆమె వృద్ధాశ్రమంలో, బట్టలుతికే గదిలో, దుప్పట్లు మడుస్తోంది. రెండు మూలలు గడ్డం కింద అదిమిపట్టి, చేతులు బారచాచి, మధ్యకు తెచ్చి, బల్లమీద వేసి అరచేత్తో ఒక్క రాపు. మళ్లీ ఇంకోటి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే. బ్లీచింగు తినేసిన వేళ్ల కొసలు గాజులా నున్నబడ్డాయి. వేడిదీ చల్లదీ ఆ వేళ్లకు తెలియదు. ఆ రోజు ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచే బరువుగా ఉంది. తడి దుప్పట్లు మోశాను కదా అనుకుంది.

పక్క బల్ల దగ్గర టియోలా మేకుకు వేలాడుతున్న నీలం కోటు చూసింది.

"ఏమే, చర్చి కోటేసుకొచ్చావు? ఎవణ్ణి పెళ్లాడుతున్నావు?"

"కౌంటీని."

"ముసలి మొగుడే! జీతం లాక్కుంటాడు, గడప మాత్రం దాటనివ్వడు."

ఆర్డెల్ దుప్పటి మడిచింది.

కౌంటీ ప్రతి ఇంటికీ ఒక ధర కడుతుంది. ఆ ధరమీద పన్ను వేస్తుంది. సొంత ఇంట్లో తామే కాపురం ఉండేవాళ్లకు ఆ ధరలో కొంత కొట్టేసి, మిగిలినదానికే లెక్క కడుతుంది. అరవై ఐదు దాటితే బడుల కోసం వేసే పన్ను కూడా పోతుంది. ఆర్డెల్‌కు అరవై ఆరు. కానీ ఇల్లు ఆమె పేరున లేదు. తాత ఎజ్రా పేరునే ఉంది. ఆయన పోయి యాభై ఒక్క ఏళ్లు.

పేరు ఎందుకు మార్చలేదంటే, ప్రూయిట్ల ఇంట్లో ఎవరూ మార్చరు. "సంతకం పెడతానని కోర్టుకెళ్లినవాడు నేల పోగొట్టుకుని వచ్చాడు" అని నాయనమ్మ అనేది. ఆమె కళ్లముందే ముగ్గురు అలా వచ్చారు. అందుకని కాగితం కదపకుండా ఏటా పన్ను మాత్రం చచ్చిన మనిషి పేరున కట్టుకుంటూ వచ్చారు. ఆఫీసు యాభై ఏళ్లు నోరెత్తకుండా పుచ్చుకుంది. ఎజ్రా పేరున రసీదు ఇచ్చింది. ముసలాయన కదా అని ఎజ్రాకే మినహాయింపు కూడా ఇస్తూ వచ్చింది. రెండేళ్ల కిందట ఆయన వయసు నూట ఇరవై అని కంప్యూటరుకు తెలివి వచ్చింది. మినహాయింపు ఎగిరిపోయింది. పన్ను మూడింతలైంది. పాత బాకీకి ఆర్డెల్ వాయిదాలు కుదుర్చుకుంది గానీ, కొత్త పన్ను తగ్గకపోతే ఆ వాయిదా కట్టడం ఆమె వల్ల కాదు. కట్టకపోతే నెల మొదటి మంగళవారం కోర్టు మెట్లమీద ఇల్లు వేలం.

ఆ ఇంట్లో ఆమె చెల్లెలు నోవెల్లా ఉంది. పుట్టు గుడ్డిది. గోడలు తడుముకుంటూ తిరుగుతుంది. ఆమె చేతులకు తెలిసిన గోడలు ఆ ఒక్క ఇంటివే.

మధ్యాహ్నం పన్నెండుకు సెలవు అడిగి ఆర్డెల్ ఆఫీసుకు వెళ్లింది. కిటికీ వెనక బ్రిన్ అనే అమ్మాయి, ముప్పై లోపే, కంప్యూటరు చూసుకుంటూ అడిగింది.

"ఎజ్రా ప్రూయిట్ గారు రాలేదా అమ్మా?"

"రాలేరు."

"ఒంట్లో బాగోలేదా?"

"చనిపోయారు. నాకప్పుడు పదిహేనేళ్లు."

ఆర్డెల్ కవరులోంచి తాత అంత్యక్రియల పత్రిక తీసి కిటికీ కింద నుంచి తోసింది. మీద తాత ఫొటో, లోపల ఆయన పిల్లలందరి పేర్లు. మూడో పేరు ఆమె తండ్రిది. ఇంతకంటే రుజువు ఉంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"ఇది చర్చి కాగితం అమ్మా. పనికిరాదు."

"అందరి పేర్లూ ఉన్నాయిగా తల్లీ. శవం ముందు పంచే కాగితంలో అబద్ధం రాసుకుంటామా?"

బ్రిన్ ఒక ఫారం ఇచ్చింది. తాను వారసురాలినని, ఆ ఇంట్లోనే కాపురమని రాయాలి. చుట్టాలు కాని ఇద్దరు సాక్షులు నోటరీ ఎదుట సంతకం పెట్టాలి.

"ఐదింటికి మూసేస్తాం. దాటితే మళ్లీ వచ్చే ఏడాదే."

"పోయినేడు వచ్చినప్పుడు ఈ ఫారం ఇవ్వలేదేం?"

"మీరు అడగలేదేమో అమ్మా."

టియోలాకు డ్యూటీ మూడింటి వరకు. ఆర్డెల్ వృద్ధాశ్రమం బయట కారులో కూర్చుని ఎదురుచూసింది. రొట్టె తెచ్చుకుంది గానీ తినలేదు. మూడు దాటాక టియోలా, ఆమె మొగుడు హోరేస్ నోటరీ ఉండే బ్యాంకుకు వచ్చారు. వారసుల గడిలో ఆర్డెల్ రెండు పేర్లు రాసింది. తనది, నోవెల్లాది. ఈమె మీకెలా తెలుసని నోటరీ అడిగాడు.

"ముప్పై ఏళ్లుగా పక్క బల్లే" అంది టియోలా. "దుప్పటిలో ముడతే ఉండనివ్వదు, మాటలో ఉండనిస్తుందా?"

నోటరీ ముద్ర నొక్కాడు.

మొహం బూడిదరంగుకు తిరిగిందని టియోలా ఆమెను తన కారులోనే ఆఫీసు దగ్గర దింపింది.

"ఉండనా?"

"పోవే. నీ మొగుడికి ఆకలి."

గుమ్మం దగ్గర మిషను నంబరు చీటీ ఇచ్చింది. డెబ్బై ఒకటి. కింద తేదీ, నాలుగూ ఇరవై ఆరు అని టైము. లోపల బోర్డుమీద యాభై ఎనిమిది. ఆఖరి రోజు కదా, బెంచీలు నిండా మా వాళ్లే. కిటికీలు నాలుగు, తెరిచింది ఒకటి. ఆర్డెల్ గోడవార కూర్చుంది. ఫారం ఒళ్లో పెట్టుకుంది. నంబరు చీటీని మూడు మడతలు పెట్టి, గోటితో ఒత్తి, కోటు కుడి జేబులో వేసుకుంది. ఎడమ చెయ్యి ఇప్పుడు బరువుగా కూడా లేదు. అసలు లేనట్టే ఉంది. తల గోడకు ఆనించింది. యాభై తొమ్మిది అన్నారు. అరవై అన్నారు.

ఐదుకు ఎనిమిది నిమిషాలుందనగా బ్రిన్ పిలిచింది.

"డెబ్బై ఒకటి."

ఎవరూ లేవలేదు.

"డెబ్బై ఒకటి ఉన్నారా?"

పక్కనున్న ముసలాయన ఆమె వంక చూశాడు. ఏ డ్యూటీ చేసొచ్చిందో పాపం, నిద్రపోతోంది అనుకున్నాడు.

"డెబ్బై రెండు."

ఆయన లేచి వెళ్లాడు. ఐదుకు కిటికీ రేకు దించారు. బెంచీలు తుడవడానికి వచ్చినామె భుజం తట్టేసరికి ఒళ్లు చల్లబడుతోంది. ఆమె దగ్గరున్న ఫారం మర్నాడు గానీ కిటికీ లోపలికి చేరలేదు.

మూడో వారంలో నోవెల్లాకు ఉత్తరం వచ్చింది. టియోలా చదివి వినిపించింది. అర్జీ గడువులోగా అందలేదు కనుక తిప్పి పంపుతున్నాము.

నోవెల్లా "ఇంకోసారి చదువు" అంది. టియోలా చదివింది. నోవెల్లా గోడమీద చెయ్యి వేసి, తడుముకుంటూ తలుపు దాకా వెళ్లింది.

అందలేదా? నాలుగూ ఇరవై ఆరుకు ఆ కాగితం మీ కప్పు కింద ఉంది. మీ గడియారం కింద, మీ బెంచీమీద, మీ ముందు ఉంది. తీసుకోవడానికి ఎవరూ వంగలేదు. ఇప్పుడు వంగండి. ఏప్రిల్ ఒకటి తేదీ వేసి ముద్ర కొట్టండి. పన్ను చీటీ పంపే ప్రతి గడపకూ ఆ కవరులోనే మినహాయింపు ఫారం పెట్టి పంపండి, అడిగినా అడక్కపోయినా. వేలానికి ముందే, వచ్చే నెల మొదటి మంగళవారంలోపు. రుజువు కావాలంటే ముద్ర పట్టుకుని ఎజ్రా తాత ఇంటికి రండి. ఆమె ఒంటిమీది నుంచి తీసిన నీలం కోటు తలుపు వెనక మేకుకే ఉంది. కుడి జేబులో మీ మిషను ఇచ్చిన చీటీ, మూడు మడతలు, ఎక్కడా ఒక్క ముడత లేదు.