కుండలో పడని పేరు

బ్యోబ్లింగెన్ తెలుగు సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ వెంకటేశ్వర రావు గారు. డెబ్బైలలో జర్మనీ వచ్చిన పెద్దమనిషి. సభ నడపడంలో ఆయనది ఒకటే పద్ధతి. తీర్మానం చదువుతారు, "అభ్యంతరమా?" అంటారు, ఎవరైనా నోరు తెరిచేలోపు "ఏకగ్రీవం" అనేస్తారు. కరోనా వచ్చి సభలు జూమ్‌లోకి మారాక ఆయన పని మరీ సులువైపోయింది. అందరూ మ్యూట్‌లోనే ఉంటే అభ్యంతరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ ఆదివారం పిల్లల తెలుగు క్లాసు వంతు వచ్చింది. వారమంతా బడి స్క్రీన్ మీదే, శనివారం కూడా ఎందుకు, కరోనా పోయాక చూద్దామన్నారు డాక్టరు గారు. ఆ క్లాసు నడిపేది ప్రతిమ. ఒకసారి ఆగిన క్లాసు మళ్ళీ మొదలవదని ఆమెకు తెలుసు. ఒత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లలు అన్నీ మరిచిపోతారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మ్యూట్ తీసేసింది.

"అభ్యంతరం ఉన్నది డాక్టర్ గారూ. సప్పుడు చెయ్యకపోతే ఒప్పుకున్నట్టేనా?"

పక్కగదిలోంచి భర్త సుమంత్ "ఊకో" అని మెసేజ్ పెట్టాడు. ప్రతిమ చూడనట్టే ఊరుకుంది. వరంగల్‌లో పాత గ్రామసభల మీద ఎం.ఫిల్. చేసిన మనిషి, ఇక్కడికొచ్చాక ఆ చదువు అక్కరకొచ్చిన మొదటి రోజిది.

"మరెలా తేలుద్దామంటావమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"ఉత్తరమేరూరుల తేల్చినట్టు. చోళుల కాలంల ఆ ఊరి సభకు ఆకుల మీద పేర్లు రాసి, కుండల ఏసి తీసేటోళ్ళు. మూడేండ్ల లోపల కమిటీల ఉన్నోళ్ళ పేరు కుండల పడకపోయేది. మనం గూడ అట్లనే అయిదుగుర్ని తీద్దాం. క్లాసు సంగతి వాళ్ళే తేలుస్తరు."

డాక్టరు గారు నవ్వారు. "పోయినేడు దాకా కల్చరల్ కమిటీలో ఉన్నావు కదా, నీ పేరూ పడదు. నీ క్లాసు మీద నీకే ఓటుండదు. సరేనా మరి?"

ఆవేశంలో ప్రతిమకు ఈ సంగతి తట్టనే లేదు. తన క్లాసును ఎవరి చేతుల్లోనో పెట్టి గుడ్లప్పగించి చూడాలి. అలాగని వెనక్కి తగ్గితే చెప్పిందంతా ఉత్త కబుర్ల కింద పోతుంది.

"సరే. నా పేరు తీసేయున్రి."

ఆ మాటతో ఒక్కొక్కరే మ్యూట్ తీసి "కానివ్వండి" అన్నారు. డాక్టరు గారికి తప్పలేదు. ఆయన భార్య కౌసల్యమ్మ ఇన్నేళ్ళూ సభల్లో కాఫీలు అందించిన మనిషి. కడిగిన ఊరగాయ జాడీ తెచ్చి, కమిటీల్లో లేని సభ్యుల పేర్లు రాసిన చీటీలు వేసింది. పేర్లు కనబడకుండా కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఒక్కొక్కటే తీసి భర్తకిచ్చింది. ఆయన చదివారు. పేరు వచ్చినవాళ్ళు అక్కడికక్కడే తమ మాట చెప్పారు.

చలపతి వద్దన్నాడు. ఛాయాదేవి నడవాలంది. చంద్రకాంత్ వద్దన్నాడు, వైశాలి నడవాలంది.

అయిదో చీటీ చూసి డాక్టరు గారు ఆగిపోయారు. "ఇది నీ పేరే. ఇంకోటి తియ్యి," అన్నారు భార్యతో.

"తియ్యద్దు డాక్టర్ గారూ," అంది ప్రతిమ. "కౌసల్యమ్మ ఏ కమిటీల లేదు."

కౌసల్యమ్మ కళ్ళజోడు పెట్టుకుని తన పేరును కాసేపు చూసుకుంది. తర్వాత భర్త వైపు కాకుండా నేరుగా కెమెరాలోకి చూసింది.

"ఈ క్లాసులో చేరిన మా మనవరాలు రీతు మొన్న ఫోన్లో 'అమ్మమ్మా, బాగున్నావా' అంది. అది పుట్టాక నాతో తెలుగులో అన్న మొదటి మాట అదేనండీ. క్లాసు నడవాలి."

ప్రతిమ వీడియో ఆపడం కూడా మరిచిపోయి అందరి ముందూ ఏడ్చేసింది.